మన్యమునకు బోయిన పాద్రులు, వారిని దాటించిన పడవవారు



ఈ వార్షిక సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, మత్స్యగంధి కథయో గుహుని కథయో వ్రాయుదునని వారు తలచియుందురు. సంస్కృతము చెప్పుకొని జీవితము గడపినవానినుండి వేఱొకటి యెవరాశింతురు? ఆ కథలు మన సంచికలలో పెక్కుమారులు వచ్చినవి. శ్రీరాముని గంగ దాటించిన నిషాదుని పేరు మనకందఱకును కంఠస్థమే. పరాశరుని యమున దాటించిన దాశకన్యక, ఆ నది నడిమి ద్వీపమున పుట్టిన వ్యాసుడు, అతనికి ద్వైపాయనుడను పేరు వచ్చిన కారణము, ఇవి చెప్పనక్కఱలేదు. నేను వానిని విడిచి, మన పూర్వులు తెడ్డు వేసి దాటించిన వేఱు యాత్రికులనుగూర్చి వ్రాయనెంచితిని. వారు తెల్లదొరలు, పాద్రులు. ఈ విషయము కొందఱకు రుచింపకపోవచ్చును. రుచింపకున్నను చరిత్ర చరిత్రయే కదా.

నన్నీ యాలోచనకు పురికొల్పినది 2018 నవంబరులో అండమాను దీవులయందు జరిగిన సంగతి. మన శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరములనుండి వలసపోయిన తెనుగువారు ఆ దీవులలో వేలకొలది యుండుటచేత మన యిండ్లలో నది వట్టి పత్రికావార్తగా నుండలేదు. జాన్ ఆలెన్ చౌ అను 26 ఏండ్ల అమెరికా యువకుడు క్రీస్తుమతమును బోధింపవలెనను సంకల్పముతో ఉత్తర సెంటినెల్ అను దీవికి రహస్యముగా బోయెను. ఆ దీవిలోని జనులు వేటచేతను, ఒడ్డున చేపలు పట్టుటచేతను జీవించుచు, పరులను దరిజేరనీయరు. ఆదిమజాతుల రక్షణకై 1956లో చేసిన నిబంధన ననుసరించి ఆ తీరమును సమీపించుట నేరము. అతనిని రాత్రివేళ పడవలో కొనిపోయినవారు జాలరులు. కూలి 25,000 రూపాయలని పోలీసులు ప్రకటించిరి. అతడు చిన్న దోనెలో ఒడ్డునకు బోయి, మొదటి దినమున బాణము తగిలియు, అది చేతిలోని బైబిలునకు తగులుటచేత బ్రతికి వచ్చి, మరల బోయెను. 17వ తేదీ యుదయమున ఇసుకపై అతని కళేబరమును ఈడ్చుచుండగా దూరమునుండి చూచినవారు ఆ జాలరులే. తరువాత నిర్బంధింపబడినవారు 7గురు. వారిలో జాలరులే యధికులు.

లోకమంతయు నా యువకుని గూర్చి చర్చించినది. కొందఱు హతసాక్షి యనిరి, కొందఱు మూర్ఖుడనిరి. ఆ తీరముననే 2006లో, రాత్రి లంగరు జారి పడవ కొట్టుకొనిపోగా, ఇద్దఱు జాలరులు ఆ దీవివారిచేత చంపబడిన సంగతి యెందఱకు జ్ఞాపకమున్నది? వారు మతము బోధింప బోలేదు. పొట్టకై బోయిరి. వారినిగూర్చి గ్రంథములు వ్రాయబడలేదు, చలనచిత్రములు తీయబడలేదు.

సెంటినెల్ జనుల కోపమునకు కారణము లేకపోలేదు. 1880లో పోర్ట్‌మన్ అను ఆంగ్లాధికారి ఆ దీవిలో దిగి, వృద్ధదంపతులను, నలుగురు పిల్లలను పట్టి పోర్టుబ్లెయరునకు దెచ్చెను. దంపతులు రోగముచేత త్వరలోనే మరణించిరి. పిల్లలను కానుకలతో తిరిగి దింపిరి. 1877లో పొంగుజ్వరము సోకి ఇతర అండమాను జాతులు కుప్పలుగా రాలిన కాలమది. పరులు తెచ్చు గాలియే యచ్చట విషము. ఆ దీవికి మనుష్యుని దాటించుట వట్టి రేవుకూలి కాదు, ప్రాణములతో జూదము. పాద్రికి తెలియదేమో, పడవవానికి తెలియవలదా అని నాతో వాదించినవారు మన సంఘమున కలరు. నాకును మొదట అట్లే తోచినది. తరువాత మన నదులవైపును, మన కొండలవైపును చూచినప్పుడు ఆ ప్రశ్న యంత సులభముగా కనబడలేదు.

మన దేశమునకు సముద్రమార్గమున వచ్చిన పాద్రులలో కొందఱిని జ్ఞాపకము చేసికొందము. లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజి అనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. అప్పుడచ్చట నౌకాశ్రయము లేదు. అది 1933లో తెఱవబడినది. అంతవఱకు ఓడలు దూరమున లంగరు వేయుచుండెను. మనుష్యులను సరకులను కెరటములమీదుగా ఒడ్డునకు దెచ్చినవి మసూలా పడవలు. వానికి ఇనుపమేకు ఉండదు. బల్లలను కొబ్బరినారతో కుట్టుదురు. కెరటము గ్రుద్దినప్పుడు చెక్క వంగును గాని పగులదు. ఆ పడవ నడపుట పుస్తకములవలన వచ్చు విద్య కాదు. ఏ కెరటమున కాగవలెనో, ఏ కెరటముతో దూకవలెనో తండ్రి కొడుకునకు చేతితో నేర్పవలెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను కాలధర్మము నొందిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాహాయ్యమున వారు ప్రారంభించిన సువార్తల యనువాదము తెనుగు వచనచరిత్రలో నిలిచినది. వారి కాలినడకను గూర్చి, జ్వరములను గూర్చి, ప్రార్థనలను గూర్చి జాబులు కలవు. వారి కాళ్లకు మొదట తెనుగునేల తగులజేసినవాని పేరు ఏ జాబులోను ఉండబోదు. కూలి యెంత యిచ్చిరో లెక్కలో వ్రాసికొనియుందురు.

గోదావరి సంగతి యింతకంటె విపులముగా చెప్పదగినది. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడన్, జార్జి బీర్ అను నిరువురు కుటుంబములతో నరసాపురమున కాపురముండిరి. వారు పెద్ద చదువులు చదివినవారు కారు, చేతిపనులు చేసికొని బ్రతికినవారు. కాలువలు లేని యానాటి డెల్టాలో లంకనుండి లంకకు పడవయే మార్గము. తరువాత ఆర్థరు కాటను 1847లో ధవళేశ్వరము ఆనకట్ట నారంభింపగా, అచ్చట చేరిన వేలకొలది కూలీలమధ్య వీరి బోధ సాగెను. 1852 నాటికి ఆనకట్ట ముగిసెను. కాటనుకు కోరిక యంతటితో తీరలేదు. గోదావరిమీదుగా మధ్యపరగణాల ప్రత్తిని సముద్రమునకు దింపవలెనని యాయన సంకల్పము. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై, అచ్చటి ప్రత్తి ఇంగ్లండుకు రాకపోగా ఈ యాలోచనకు బలము కలిగెను. నదిలో మూడుచోట్ల రాతిమెట్టలు అడ్డము. వానిలో మొదటిది దుమ్ముగూడెము. అచ్చట ఆనకట్టయు, పడవలు దాటుటకు లాకులును కట్టు పని హెయిగ్ అను ఇంజనీరు సేనాధికారి చేతిలో నుండెను.

రాజమహేంద్రవరమునుండి దుమ్ముగూడెమునకు ఎదురునీట పోవుట యెట్టిదో మనవారికి చెప్పవలెనా? పోలవరము దాటినపిమ్మట కొండలు రెండు ప్రక్కల నీటిలోనికి దిగివచ్చును. నది యిఱుకగును, లోతగును. గాలి కలిసివచ్చినప్పుడు తెరచాప. రానప్పుడు గడలు. గడ అందనిచోట ఒడ్డుననే నడచుచు నడుమునకు తాడు కట్టుకొని పడవను లాగవలెను. వేసవిలో ఇసుకమేటలు, వర్షాకాలమున సుడిగుండములు. చుక్కాని పట్టిన సరంగు పాపికొండల మలుపులలో మాటాడరాదని నియమముండెడిదని నా చిన్నతనమున పెద్దలు చెప్పగా వింటిని. కూనవరము వద్ద శబరి కలియును. అటుపై భద్రాచలము, ఇంకను పైకి దుమ్ముగూడెము, దాని సమీపమున పర్ణశాల. శ్రీరాముడు కుటీరము కట్టుకొన్న చోటని మన నమ్మకము. ఆ చోటికే ఈ కాలపు ఇంజనీరును పాద్రియు జేరుట విచిత్రముగా తోచును. హెయిగ్ దొర భక్తుడగు క్రైస్తవుడు. చుట్టునున్న కోయలకు బోధకు డెవడును లేడని చింతించి, చర్చి మిషనరీ సంఘమును ప్రేరేపించెను. ఆ సంఘమువారు 1841నుండియే మచిలీపట్టణమున పని చేయుచుండిరి. హెయిగ్ క్రింద కొలువుండి, 1860 ప్రాంతమున క్రైస్తవుడైన వేంకటరామరాజు అను క్షత్రియుడు కోయలమధ్య బోధకుడుగా నిలిచెను. దొరలు జ్వరమున కోర్వలేక దిగిపోవుచు, మరల వచ్చుచునుండగా ఈ రాజుగారు మాత్రము అచ్చటనే యుండి పని నడపిరి. కోయమిషను చరిత్రలో మొదటి గౌరవము ఆయనకు చెందవలెనని నా యభిప్రాయము.

జ్వరమును గూర్చి యొక మాట. సెంటినెల్ దీవికి పోయినవాడు రోగమును కొనిపోవును. మన మన్యమునకు పోయినవాడు రోగమును కొనివచ్చును. ఆ దీవిని సముద్రము కాచినట్లు ఈ కొండలను మన్యపుజ్వరము కాచినది. పూర్వము గ్రామాధికారులకును, గుమాస్తాలకును అచ్చటికి బదిలీ యనిన ఇంటిలో ఏడ్పులు లేచెడివి. చెడుగాలి కారణమని యందఱును నమ్మిరి. దోమయే కారణమని రొనాల్డు రాస్ 1897లో మన సికింద్రాబాదుననే కనుగొనెను. అప్పటికి దుమ్ముగూడెమున పని చేసిన తెల్లవారును, కూలీలును, పడవవారును అనేకులు పడిపోయిరి. నాగపురమునకు బొంబాయినుండి రైలు వచ్చుటచేతను, వ్యయము మితిమీఱుటచేతను 1871లో ఆ నదీమార్గపు పని సర్కారువారు మానిరి. ఆనకట్ట మిగిలెను. మిషనును మిగిలెను.

ఆ మిషనులో చిరకాలము పని చేసిన జాన్ కెయిన్ అను పాద్రి 1870లలో ఇండియన్ ఆంటిక్వరీ యను పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాల జనులనుగూర్చి వ్రాసిన వ్యాసములు నేటికిని చదువదగినవి. కోయల పెండ్లిండ్లు, చావులు, వేల్పులు, మంత్రగాండ్రనుగూర్చిన భయములు, వారి మాటతీరు ఇవన్నియు నందు కలవు. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన కులములు జాతుల మహాగ్రంథమున కోయలనుగూర్చిన భాగము చాలవఱకు ఈయన వ్రాతపై నాధారపడినది. మతము విషయమున ఫలము స్వల్పము. కోయలలో క్రైస్తవులైనవారు కొద్దిమందియే. నదీతీరపు గ్రామములలోని మాలలు అంతకంటె ఎక్కువగా వినిరి. కోయలు పాద్రిని ఆదరించిరి, మందు తీసికొనిరి, తమ వేల్పులను విడువలేదు. బాణము వేయక, మతమును పుచ్చుకొనక, మర్యాదగా నవ్వి పంపుట యొకవిధమగు ప్రతిఘటన కాదా?

ఇక ఉత్తరమున అరకులోయకు ఆవలనున్న కొండలు. జర్మనీదేశమున ష్లెస్విగ్ ప్రాంతపు బ్రెక్లుం గ్రామమున క్రిస్టియన్ యెన్సెన్ అను గురువు 1876లో నొక మిషను స్థాపించెను. ఆ మిషనువారు మొదట పంపిన ఎర్నెస్టు పోల్, హెర్మన్ బోట్‌మన్ అనువారు బస్తరునకు పోదలచిరి. ఆ సంస్థానమున ప్రవేశము దొరకలేదు. అందుచేత జయపుర సంస్థానమునకు వచ్చి 1882లో కోరాపుటున నిలిచిరి. తరువాత కొండదిగువను సాలూరు, పార్వతీపురములందును వారి కేంద్రములు వెలసెను. సాలూరున నుండిన షుల్జె పాద్రి కువి కొందుల భాషకు వ్యాకరణము వ్రాసి 1911లో ప్రకటించెను. వ్యాకరణము నేర్చి నేర్పినవాడనగుటచే ఈ కృషి విలువ నాకు తెలియును. లిపిలేని భాషకు విభక్తులు, క్రియారూపములు తెల్పుటకు ఎన్ని సంవత్సరములు కొండవారి గుడిసెలముందు కూర్చుండవలెనో! అయినను కొందులకంటె డొంబులే అధికముగా క్రైస్తవులైరి. మొదటి మహాయుద్ధమున ఈ జర్మను పాద్రులను ఆంగ్లప్రభుత్వము శత్రుప్రజలని నిర్బంధింపగా, రాజమహేంద్రవరపు అమెరికా లూథరనులు వారి పనిని చూచుకొనిరి. 1928లో జయపుర సువార్తిక లూథరను సంఘము ఏర్పడెను.

కొండకు పడవ పోదు. అచ్చట మనవారి ప్రసక్తి యేమని మీరడుగవచ్చును. ఎండుచేప పోయినది కాదా! కొత్తవలసనుండి కిరండులు వఱకు 1960లలో రైలుమార్గము పడుటకు పూర్వము, అనంతగిరి కనుమ మీదుగా తీరపు ఉప్పును, ఎండుచేపయు కొండసంతలకు ఎక్కెడివి. పసుపు, చింతపండు, అడ్డాకులు దిగివచ్చెడివి. మన ఆడువారు తీరమున నెండబెట్టిన నెత్తళ్లు, సావళ్లు చేతులు మాఱి అరకు, పాడేరు సంతలకు జేరెడివి. మా మాతామహి ఆ చేపల గంపతో కనుమ మొదటివఱకు బోయి, కొండవారితో బేరమాడుటకు చాలినన్ని వారి మాటలు నేర్చుకొన్నది. ఉప్పు, చేప, పసుపు, కొలత, అప్పు, రేపు, ఈ మాటలు ఆమెకు వచ్చును. షుల్జె వ్యాకరణమున నున్న క్రియాపదము లామెకు రావు. ఆమె నేర్చినది ఆమెతోనే పోయినది. మనము వ్రాయలేదు, వారు వ్రాసిరి. తెల్లవాడు మన చరిత్రను దొంగిలించెనని సభలలో నఱచుటకంటె ఈ మాట యొప్పుకొనుట మేలు.

ఒప్పుకొనవలసినది మఱియొకటి యున్నది. మనవారు కొండకు దేవుని కొనిపోలేదు, తక్కెడను కొనిపోయిరి. ఆ తక్కెడ యెల్లప్పుడును సరిగా నుండెనని నేను ప్రమాణము చేయలేను. 1879 నాటి రంప పితూరీకి కారణములలో కల్లుపన్నుతోపాటు, మైదానపు వర్తకులు అప్పుపత్రములతో కోర్టుల కెక్కి కొండవారి పశువులను, ధాన్యమును హరించుటయు నొకటి. ఆ వర్తకులు మన కులమువారు కారని తప్పించుకొనవచ్చును. వారి సరకును మోసినది మాత్రము మన పడవలే. పాద్రిని మోసినట్లే, సారావర్తకుని మోసితిమి. పితూరీ నణచుటకు పోయిన సిపాయిలకును నది దాటవలసియే వచ్చెను. ఆ నదిమీదనే పేరంటపల్లిలో రామకృష్ణ మునివాటము నెలకొల్పిన బాలానందస్వామివారిని, 1941లో కొండరెడ్ల నడుమ నుండి గ్రంథము వ్రాసిన హైమెన్‌డార్ఫ్ పండితుని కొనిపోయినదియు పడవయే. రేవుకు వచ్చినవాని మతము నడిగి పడవ యెక్కించుట మన వృత్తిధర్మము కాదు. ఎక్కినవాడు ఎవనికి కీడు చేయ బోవుచున్నాడో తెలిసియు తెడ్డు వేయుటయు ధర్మము కాదు. ఈ రెండు మాటలు పక్కపక్కన నిలుచుచున్నవి. గుహుడు సైతము భరతుడు సేనతో వచ్చినప్పుడు వెంటనే పడవలు పెట్టలేదు. తన జ్ఞాతులను ఆయుధపాణులుగా రేవున నిలిపి, భరతుని మనస్సు తెలిసికొన్న పిమ్మటనే అయిదువందల నావలను రప్పించెను. ఇది రామాయణము అయోధ్యాకాండమున నున్నది. అండమాను జాలరులు 25,000 రూపాయలను చూచిరి గాని ఈ విచారణ చేయలేదు. వారి తప్పు అదియే. పేదవాని యెదుట అంత ధనము పెట్టినవాని తప్పు వారి తప్పుకంటె చిన్నది కాదు.

ఇంతదూరము వచ్చితిని గనుక మన యింటి సంగతియు చెప్పెదను. తీరపు పల్లెలలో మనవారును కొందఱు క్రైస్తవులైరి. ఒకే వీథిలో నూకాలమ్మ గుడియు, ప్రార్థనమందిరమును కలవు. ఒకే వలను లాగునప్పుడు ఒకడు గంగమ్మను, ఒకడు యేసును తలచుచున్నాడు. అట్టివారికి సంఘమున సభ్యత్వముండరాదని గడచిన సమావేశములలో కొందఱు పట్టుబట్టిరి. వారి పెండ్లికి మనము పోరాదనియు, చావునకు కట్టెలీయరాదనియు పల్లెలలో కట్టుబాట్లు చేయుచున్నారని వినుచున్నాను. నేను నిత్యము సంధ్య వార్చువాడను, పరమతమున చేరు ఉద్దేశము లేనివాడను. అందుచేతనే ధైర్యముగా చెప్పుచున్నాను. ఇది తగదు. తుపానులో పడవ బోల్తాపడినప్పుడు వెదకబోవువారు మునిగినవాని మతము నడుగరు. నూఱేండ్ల క్రిందట దుమ్ముగూడెపు కోయలు చూపిన మర్యాదపాటి మనము మన జ్ఞాతులయెడ చూపలేమా? ఈ విషయము ఈ మహాసభయందు తీర్మానమునకు వచ్చునని తెలిసినందుననే ఇచ్చట వ్రాసితిని. నా యోటు ఎటో సభ్యులకు రహస్యముగా నుండవలదు.

ఆ పాత రేవులు చాలవఱకు నికముందు కనబడవు. పోలవరము జలాశయమునకు నిర్ణయించిన పూర్తిమట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. దేవీపట్టణము మొదలుకొని పాపికొండల పల్లెలు పెక్కు ఆ ముంపులోనివి. ఇందుకొఱకే 2014లో భద్రాచల ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున చేర్పబడినవి. తాడు పట్టి లాగిన ఒడ్డులు, గడలు గ్రుచ్చిన రాళ్లు, పాద్రులు గుడారము వేసిన ఇసుకతిన్నెలు ఎచ్చటనుండెనో చూపగల వృద్ధులు మన కులమున ఇంకను కొందఱున్నారు. వారి మాటలను వ్రాసిపెట్టు పని సంఘము చేపట్టునెడల నా కన్నులు సహకరించినంతవఱకు నేను కూర్చుండి వ్రాయుదును.

2019 సెప్టెంబరు 15వ తేదీన, వఱదలో, పాపికొండల యాత్రికులను కొనిపోవుచున్న రాయల్ వశిష్ఠ యను పడవ కచ్చులూరు వద్ద మునిగినది. అందు 77 మంది యుండిరి. దానిని కాకినాడ ధర్మాడి సత్యముగారి బృందము అక్టోబరు 22న గాని పైకి తీయజాలకపోయిరి. మునిగిన క్షణమున ఒడ్డున నున్న కచ్చులూరు గిరిజనులు తమ చిన్న పడవలతో సుడిలోనికి బోయి, ఎవరు ఏ యూరివారో, ఏ దేవుని మ్రొక్కువారో యెఱుగకయే 26 మందిని ఒడ్డునకు జేర్చిరి.